రెబ్బె ఇంటి తలుపు ఎంతవరకు తెరవాలి?

న్యూజెర్సీ నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. కొంచెం కుదించి ఇస్తున్నాను: "బ్రూక్లిన్‌లో లుబావిచ్ రెబ్బె నివసించిన ఇంటిని అప్పుడప్పుడు జనానికి చూపిస్తారని మా ఆఫీసులో ఒక యూదు మిత్రుడు చెప్పారు. ఆ వీధిలో వెళ్తూ చూశాను, ఆర్భాటమేమీ లేని ఇటుకల ఇల్లు. ప్రపంచమంతా శిష్యులున్న ఒక గురువు కాపురమున్న ఇంట్లోకి పరాయివాళ్ళు వెళ్ళి చూడటం సబబేనా? చూపించాలనుకుంటే ఎలా చూపించాలి? మాలాంటి వాళ్ళం వెళ్ళొచ్చా?"

పాత ఇళ్ళను స్మారక గృహాలుగా మార్చే పనిలో చాలాకాలంగా ఉన్నాను కాబట్టి రెండో ప్రశ్నకు గట్టిగానే జవాబు చెప్పగలను. కానీ మొదటిది తేలకుండా రెండోది తేలదు. కవి ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళు ఆయన కుర్చీ చూసి, ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు. గురువు ఇంటికి వచ్చినవాళ్ళు ఆ కుర్చీని తాకాలని చూస్తారు. అందుకే అన్ని ఇళ్ళలోకీ గురువు ఇంటితోనే టెన్షన్ ఎక్కువ.

ముందు ఆ ఇంటి సంగతి. చబాద్ లేదా లుబావిచ్ అనే హసిదిక్ యూదు సంప్రదాయంలో ఏడో రెబ్బె, అంటే ఏడో గురువు, మెనాహెమ్ మెండెల్ ష్నీర్సన్. 1902లో ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న మికొలాయివ్‌లో పుట్టారు. బెర్లిన్‌లోనూ పారిస్‌లోనూ చదువుకున్నారు, పారిస్‌లో చదివింది ఇంజినీరింగ్. 1941లో నాజీల చేతికి చిక్కకుండా భార్యతో కలిసి న్యూయార్క్ చేరారు. యుద్ధకాలంలో బ్రూక్లిన్ నేవీ యార్డులో ఉద్యోగం చేశారు. ఆరో రెబ్బె ఆయనకు స్వయానా మామగారు. 1950లో మామగారు పోయాక దాదాపు ఏడాదిపాటు నాకొద్దంటూ వచ్చి, చివరికి 1951లో పీఠం ఒప్పుకున్నారు. 1994 జూన్‌లో కన్నుమూసేదాకా ఆయనే రెబ్బె. ఆయన పంపిన దంపతులు ఎక్కడెక్కడో కాపురాలు పెట్టి, యూదుల ప్రార్థనలకు, భోజనాలకు చోటిచ్చే చబాద్ హౌస్‌లు నడిపారు. ఇప్పుడు అవి వందకు పైగా దేశాల్లో ఉన్నాయి.

ఇంత పెద్ద వ్యవహారానికి కేంద్రం మాత్రం మీరు చూసిన ఇల్లు కాదు. అది ఈస్టర్న్ పార్క్‌వేలో ఉన్న 770 నంబరు భవనం. ప్రార్థనలు, గంటల తరబడి ప్రసంగాలు, రాత్రి మొదలై తెల్లవారుజాము దాకా సాగే ముఖాముఖీలు అన్నీ అక్కడే. 1986 నుంచి ప్రతి ఆదివారం వరుసలో వచ్చిన వేలమందికి, దానం చేయమని చెప్పి ఒక్కొక్కరికీ ఒక డాలర్ నోటు చేతిలో పెట్టింది కూడా అక్కడే. చివరికి పండగ భోజనాలు సైతం చాలా ఏళ్ళు ఆ భవనంలోనే, పై అంతస్తులో మామగారి వాటాలో జరిగేవి. శిష్యులకు 770 అంటే ఎంత ప్రాణమంటే, ఆ ఇటుకల ముఖద్వారాన్ని అచ్చంగా అలాగే ఇజ్రాయెల్‌లోని క్ఫార్ చబాద్‌లోనూ ఇంకా అనేక దేశాల్లోనూ కట్టుకున్నారు. నకలు తీసింది ఆయన పనిచేసిన భవనాన్ని, నిద్రపోయిన ఇంటిని కాదన్నది గుర్తుపెట్టుకోండి.

మీరు చూసిన ప్రెసిడెంట్ స్ట్రీట్ ఇల్లు అక్కడికి కాలినడకన కొద్ది నిమిషాల దూరం. 1950ల మధ్యలో దంపతులు అందులో చేరారు. అదే వీధిలో కాస్త అవతల 1418 నంబరు ఇంట్లో ఆయన తల్లి హన్నా గారుండేవారు. 1964లో ఆవిడ పోయేదాకా రోజూ వెళ్ళి చూసి వచ్చేవారు. ఒకప్పుడు డాక్టర్లు ఎక్కువగా కాపురమున్నారని ఆ వీధిలో కొంతభాగాన్ని డాక్టర్స్ రో అంటారు. కాబట్టి అది గుడిసె లాంటి ఇల్లనుకోకండి. మంచి పేటలో ఉన్న ఇల్లే. సాదాతనమంతా అందులో బతికిన తీరులో ఉంది. లక్షలమందికి గురువైన మనిషి మరో ఇల్లు కట్టుకోలేదు, వేసవి విడిదికి వెళ్ళలేదు, మామగారి సమాధికి వెళ్ళిరావడం తప్ప బ్రూక్లిన్ దాటి కదిలింది చాలా అరుదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. ఆ ఇల్లు ఆయనది కాదు, ఆవిడది. కాగితం మీద ఎవరి పేరుందో నేను చెప్పడం లేదు, ఆ గుమ్మం లోపల ఎవరి మాట చెల్లిందో చెబుతున్నాను. హాయా ముష్కా ష్నీర్సన్ ఆరో రెబ్బె కూతురు, ఏడో రెబ్బె భార్య. ఆ రెండు హోదాల్లో ఏ ఒక్కటి చాటుకున్నా దుకాణాలవాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చేవారు. ఆవిడ ఫోన్ చేస్తే చెప్పుకునే పరిచయం మాత్రం "ప్రెసిడెంట్ స్ట్రీట్ నుంచి మిసెస్ ష్నీర్సన్" అని. రెబెత్సిన్ అని, అంటే మనం గురుపత్ని అన్నట్టు, తనను తాను ఎప్పుడూ చెప్పుకోలేదని ఆవిడను ఎరిగినవాళ్ళందరూ అంటారు. 770లో జరిగే సభలకు వచ్చి ముందు వరుసలో కూర్చునే అలవాటు లేదు. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన అర్ధరాత్రి దాటి ఇంటికొచ్చేదాకా ఆవిడ మెలకువగా ఉండేవారని చెబుతారు. రోజూ ఇద్దరూ కూర్చుని టీ తాగే ఆ కాస్త సమయం తనకు తెఫిలిన్ ధరించే నియమమంత ముఖ్యమని రెబ్బె అన్నట్టు ఆయనకు వైద్యం చేసిన డాక్టరు ఒకరు తర్వాత చెప్పారు. తెఫిలిన్ అంటే మంత్రపత్రాలున్న తోలు పెట్టెలు, యూదు పురుషులు పొద్దుటి ప్రార్థనలో చేతికీ నుదుటికీ కట్టుకుంటారు. నిత్యకర్మతో సమానమన్నమాట.

1977 అక్టోబర్‌లో పండగ రాత్రి 770లో వేలమంది మధ్య రెబ్బెకు గుండెపోటు వచ్చింది. ఆస్పత్రికి వెళ్ళకుండా తన గదిలోనే వైద్యం చేయించుకున్నారు. ఐదారు వారాల తర్వాత, యూదుల కిస్లేవ్ నెల మొదటి రోజున, ఇంటికి వెళ్ళారు. ఆ రోజును చబాద్ శిష్యులు ఇప్పటికీ ఏటా పండగలా చేసుకుంటారు. గమ్మత్తు చూడండి, గురువు తమ దగ్గర్నుంచి ఇంటికి వెళ్ళిన రోజు శిష్యులకు పండగ. ఆ ఇంటి విలువ వాళ్ళకు అప్పుడే తెలుసు. 1988 ఫిబ్రవరిలో ఆవిడ పోయారు. సంతాప దినాల ప్రార్థనలు ఆ ఇంట్లోనే జరిగాయి, అంతకుముందు గడప తొక్కని జనం అప్పుడే లోపలికొచ్చారు. తర్వాత కొంతకాలానికి ఆయన మకాం కూడా 770 వైపుకే మారిపోయింది.

అంటే ఆ ఇల్లు తెరుచుకోవడం 1988లోనే మొదలైంది, అది కూడా ఇంటావిడ లేనప్పుడు.

సబబేనా అని మీరడిగారు. ఇలాంటి ప్రశ్నకు యూదుల దగ్గరే ఒక పాత కథ ఉంది. వాళ్ళ ప్రాచీన ధర్మచర్చల గ్రంథమైన తాల్ముద్‌లో, బెరాఖోత్ అనే భాగంలో వస్తుంది. రవ్ అనే మహాపండితుడి శిష్యుడు కాహనా, గురువు ఇంటికెళ్ళి ఆయన మంచం కింద దాక్కుంటాడు. గురువు భార్యతో సరదాగా మాట్లాడుతుంటే వినలేక ఒక మాట కూడా పైకి అనేస్తాడు. గురువు ఉలిక్కిపడి, "కాహనా, ఇక్కడున్నావా? బయటికి పో, ఇది మర్యాద కాదు" అంటాడు. శిష్యుడు తొణక్కుండా, "ఇది కూడా తోరాయే, నేర్చుకోవాలి" అంటాడు. తోరా అంటే యూదుల ధర్మబోధ. కథ అక్కడితో సరి. తాల్ముద్ ఎవరిది తప్పో తేల్చదు. శిష్యుడి మాటను గొప్ప మాటగా దాచుకుంది, గురువు కసురుకున్న మాటనూ అంతే జాగ్రత్తగా దాచుకుంది.

గురువుల ఇళ్ళు తెరిచే కమిటీలన్నీ మొదటి మాటను పట్టుకుని రెండో మాటను వదిలేస్తాయి. "ఆయన ఎలా బతికారో జనం చూడాలి, నేర్చుకోవాలి" అంటారు. నిజమే. పుస్తకం చదివితే దొరకనిది వంటింట్లో కుర్చీ చూస్తే దొరుకుతుంది. నేను ఈ పనిలో ఉన్నది అది నమ్మే. కానీ "బయటికి పో" అన్న గురువు మాట కూడా అదే తోరాలో ఉంది కదా. కాబట్టి నా జవాబు ఇది: తెరవొచ్చు, కానీ ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు బతికుండగా ఎక్కడిదాకా అతిథిని రానిచ్చేవారో అక్కడే ఆగాలి. ప్రెసిడెంట్ స్ట్రీట్ విషయంలో ఆ గీత గీయాల్సింది ఆయన గొప్పదనాన్ని బట్టి కాదు, ఆవిడ మర్యాదను బట్టి. ముందు గది, భోజనాల బల్ల, పుస్తకాల గది, అవసరమైతే వంటిల్లు. పడకగది తలుపు మూసే ఉంచాలి. తాడు కట్టి గుమ్మంలోంచి చూపించడం కూడా వద్దు.

ఇంటివాళ్ళు ముందే చెప్పి ఉంటే పని సులువు. మతగురువు కాకపోయినా ఇజ్రాయెల్ మొదటి ప్రధాని బెన్ గురియన్ చక్కటి ఉదాహరణ. నెగెవ్ ఎడారిలో స్దే బోకెర్‌లోని తన చిన్న ఇంటిని ఉన్నది ఉన్నట్టే ఉంచమని ముందే రాసిపెట్టారు. దీనికి పూర్తిగా ఎదురు కొసన ఇజ్రాయెల్‌లోనే బ్నేయ్ బ్రాక్ ఊళ్ళోని రబ్బీ, అంటే యూదు మతపండితుడు, ఆహరోన్ లేబ్ ష్టైన్‌మాన్ ఉన్నారు. బోసి గోడలు, పాత సామాన్లు ఉన్న ఆయన వాటా అక్కడివాళ్ళకు సాదాతనానికి మారుపేరు. 2017 డిసెంబర్‌లో వందేళ్ళు దాటిన వయసులో పోయారు. నన్ను పొగుడుతూ ప్రసంగాలు చేయొద్దు, సాగనంపడానికి పదిమంది చాలు అని వీలునామాలో రాశారు. జనం ఆగారా? లక్షల్లో వచ్చారు. అలాంటి మనిషి ఇంటిని టికెట్ పెట్టి చూపించడం ఆయన రాసిన కాగితాన్ని చింపినట్టే అవుతుంది.

రెబ్బె విషయం ఈ రెంటికీ మధ్యలో ఉంది. ఆస్తి ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం వాళ్ళ కుటుంబంలోనే గట్టి జవాబు వచ్చింది. ఆరో రెబ్బె గ్రంథాలయంలోని పుస్తకాలు వారసుల సొత్తా, సంస్థ సొత్తా అని 1980ల్లో బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో దావా నడిచింది. ఎప్పుడూ బయటికి రాని హాయా ముష్కా గారు వాంగ్మూలం ఇచ్చారు. పుస్తకాలు శిష్యులవే, ఎందుకంటే మా నాన్నగారే శిష్యుల సొత్తు, అన్నది ఆవిడ చెప్పిన దాని సారం. 1987 జనవరిలో జడ్జి చార్ల్స్ సిఫ్టన్ తీర్పు కూడా సంస్థ వైపే వచ్చింది. తెరవాలి అనేవాళ్ళకు ఇంతకు మించిన ఆధారం దొరకదు. కానీ ఆవిడ శిష్యుల సొత్తన్నది నాన్నగారి పుస్తకాలను. తన వంటింటి గురించి, తన అల్మరా గురించి అలా అనలేదు.

పోల్చి చూడటానికి జెరూసలేంలో రబ్బీ అబ్రహాం ఇసాక్ కూక్ ఇల్లు ఉంది, బేత్ హరావ్ అంటారు. బ్రిటిష్ పాలన కింది పాలస్తీనాకు మొదటి అష్కెనాజీ (ఐరోపా మూలాలున్న యూదుల) ప్రధాన రబ్బీ ఆయన. అమెరికా దాత హ్యారీ ఫిషెల్ డబ్బుతో 1923లో ఆ ఇల్లు సిద్ధమైంది. ఆయన స్థాపించిన యెషివా, అంటే మతవిద్యాలయం, కూడా మొదట అక్కడే నడిచింది. 1935లో ఆయన పోయాక అది క్రమంగా స్మారక గృహంగా మారింది. అక్కడ ఈ సంకోచం అక్కర్లేదు. ఆ ఇల్లు పుట్టిందే పదిమంది కోసం, పాఠం జరిగిన గదిలో మళ్ళీ పాఠం జరగడంలో వింత లేదు. సాధారణంగా అడ్డు చెప్పేవాళ్ళు ఈ తేడా చూడరు, తెరవమనేవాళ్ళు కూడా చూడరు.

ఇక ఎలా చూపించాలన్నది. ఇక్కడ నా వృత్తి మాటలు కొన్ని తప్పవు.

మొదట చెడిపోయేది నేల. అమెరికాలో మామూలు ఇంటి నేలను చదరపు అడుగుకు 40 పౌండ్ల బరువు మోసేలా లెక్కేస్తారు. జనం గుమిగూడే హాలుకు 100 పౌండ్లు కావాలి. పాత ఇంట్లో చెక్క దూలాల మీద నిలబడ్డ నేల, ఒక గదిలో నలభై మంది ఒకేసారి దూరితే ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా యాత్రికులు గదంతా సమంగా పరుచుకుని నిలబడరు, అందరూ ఒకే కుర్చీ చుట్టూ మూగుతారు. న్యూయార్క్‌లో 75 మంది, అంతకు మించి చేరే చోటుకు వేరే అనుమతి కావాలి. ఇల్లుగా నమోదైన భవనాన్ని మ్యూజియం చేయాలంటే రెండో మెట్లదారి, అగ్నిమాపక ఏర్పాట్లు, చక్రాల కుర్చీకి దారి వగైరా అన్నీ వచ్చి పడతాయి. అవన్నీ పెట్టేసరికి ఇల్లు పోయి ఆఫీసు మిగులుతుంది. అందుకే సాదా ఇంటికి నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే: మ్యూజియం చేయొద్దు, ఇల్లుగానే ఉంచి ఏడాదిలో కొన్ని రోజులు పది పన్నెండు మంది చొప్పున రానివ్వండి. ఈ ఇంటికి రోజులు ఎంచుకోవడం కూడా కష్టం కాదు. ఆవిడ వర్ధంతి, ఆయన వర్ధంతి, ఆయన ఇంటికి వెళ్ళిన ఆ కిస్లేవ్ రోజు ఎలాగూ ఉన్నాయి.

కంటికి కనపడకుండా చెరుపు చేసేవి ఇంకో రెండు, తేమ, వెలుతురు. ప్రతి మనిషీ ఊరికే నిలబడి సుమారు 100 వాట్ల వేడి వదులుతాడు, ఊపిరితో తేమ వదులుతాడు. చలికాలం తడి కోట్లతో వచ్చే న్యూయార్క్ జనం సంగతి చెప్పక్కర్లేదు. కాగితం, గుడ్డ ఉన్న గదిలో వెలుతురు 50 లక్స్ దాటకూడదన్నది మా వృత్తిలో పాటించే లెక్క. అంటే ఫ్లాష్ ఫొటోలు, పగలంతా తెరిచిన కర్టెన్లు, వీడియోవాళ్ళ లైట్లు కుదరవు.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం మాత్రం అభిమానుల డబ్బు. నాకు తెలిసిన ఒక స్మారక గృహంలో (ఎక్కడిదో, ఎవరిదో చెప్పను) ధర్మకర్తలు మంచి మనసుతోనే నేలకు గ్రానైట్ వేయించారు, గోడలకు తళతళలాడే రంగు కొట్టించారు, పెద్దాయన కూర్చున్న అరిగిపోయిన బల్లను తీసేసి టేకు బల్ల చేయించారు. పాత బల్ల గోదాంలో చెదలు తినేసింది. అది చూడ్డానికే కదా అక్కడికి జనం వచ్చేది! సాదా ఇంటికి విరాళం ఇస్తామని ఎవరైనా వస్తే ఆ డబ్బు పైకప్పు లీకులకు, కరెంటు వైర్లకు, బీమాకు వాడండి. కనపడే వస్తువు దేనికీ ఒక్క రూపాయి వాడొద్దు.

ఏ వస్తువూ కదపకముందే ప్రతి గదినీ నాలుగు మూలల నుంచి, ప్రతి అల్మరానూ తెరిచి, అర అర వారీగా ఫొటో తీసి జాబితా రాయాలి. చాలామంది ముందు ఇల్లు శుభ్రం చేసి తర్వాత ఫొటోలు తీస్తారు. బల్ల మీద ఏ పుస్తకం పక్కన ఏ కళ్ళద్దాలున్నాయో ఆ శుభ్రంలో పోతుంది, మళ్ళీ రాదు.

యూదు ఇల్లు కాబట్టి వచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి, ఇవి మ్యూజియం కోర్సుల్లో చెప్పరు. గురువు దగ్గర లెక్కలేనన్ని ఉత్తరాలు ఉంటాయి. జబ్బులు, కాపురంలో గొడవలు, పిల్లల సంగతులు రాసుకుని ఉంటారు. వాటిని గాజు పెట్టెలో పెడితే చూడముచ్చటగా ఉంటుంది కానీ, ఒకరి ఉత్తరం ఇంకొకరు చదవడాన్ని వెయ్యేళ్ళ కిందటే రబ్బేను గెర్షోమ్ అనే పండితుడి పేరిట యూదులు నిషేధించుకున్నారు. రాసినవాళ్ళ అనుమతి లేకుండా ఒక్కటీ బయట పెట్టకూడదు. దేవుడి పేరున్న కాగితం పాడైతే చెత్తలో వేయరు, దాచి భూమిలో పూడుస్తారు. కాబట్టి సామాన్లు సర్దేటప్పుడు పనివాళ్ళ పక్కన తెలిసినవాళ్ళు ఉండాల్సిందే. పస్కా పండగ ముందు ఇంట్లో పులిసిన పిండి పదార్థం చిటికెడైనా ఉండకుండా దులుపుతారు. సందర్శకుల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే ఆ పనంతా మళ్ళీ మొదటికొస్తుంది. శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా షబ్బాత్, అంటే విశ్రాంతి దినం, అప్పుడు లైటు వేయడం, ఆర్పడం, ఫొటో తీయడం ఏదీ ఉండదు.

గుమ్మానికి ఉండే మెజుజా గురించి ఒక్క మాట. చర్మపత్రం మీద రాసిన ఆ లేఖనాన్ని సొంత ఇంటికైతే ఏడేళ్ళలో రెండుసార్లు, పదిమందికీ చెందిన చోటుకైతే యాభై ఏళ్ళలో రెండుసార్లు పరీక్షించాలని వాళ్ళ శాస్త్రం. 1974లో ఇంటింటికీ మెజుజా ఉండాలని ఉద్యమం నడిపింది ఈ రెబ్బే. ఈ గుమ్మానిది ఏ లెక్కలోకి వస్తుందో వాళ్ళ పండితులు తేల్చుకుంటారు. నన్నడిగితే ఏడేళ్ళ లెక్కే పాటించమంటాను, ఇది ఇంకా ఇల్లేనని అనుక్షణం గుర్తుండటానికి.

ఇంకో చిక్కు ఉంది, బయటివాళ్ళకు తెలియనిది. చబాద్‌లో కొందరు రెబ్బేను మెస్సయ్య, అంటే యూదులు ఎదురుచూసే రక్షకుడు, అని నమ్ముతారు, ఆయన చనిపోయారని ఒప్పుకోనివాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. 770 గోడ మీది ఫలకంలో ఆయన పేరు పక్కన చనిపోయినవారికి వాడే గౌరవవాచకం ఉందని 2004లో దాన్ని పాడుచేశారు. ఆ గొడవ కోర్టుకెక్కి, భవనం ఎవరిదన్న దాకా వెళ్ళింది. 2024 జనవరిలో అదే 770 కింద కొందరు యువకులు రహస్యంగా సొరంగం తవ్వినట్టు బయటపడింది. ప్రార్థనామందిరాన్ని విస్తరించాలని రెబ్బె కోరారు, మేమే చేస్తున్నాం అన్న ధోరణి వాళ్ళది. పోలీసులు వచ్చారు, అరెస్టులు జరిగాయి, నగర భవన విభాగం వచ్చి పక్క కట్టడాలు గట్టిగా ఉన్నాయో లేదో చూడాల్సి వచ్చింది. భక్తి ఎక్కువై గోడలు బలహీనపడటం నా వృత్తిలో కొత్త కాదు కానీ, ఇంత అక్షరాలా జరగడం మాత్రం అదే మొదలు. ఇలాంటి చోట "ఆయన ఇక్కడ నివసించెను" అని బోర్డు పెట్టడమే తగువు. ప్రెసిడెంట్ స్ట్రీట్ ఇంట్లో అసలు బోర్డులే వద్దంటాను. నోటితో చెప్పే ఒక మనిషి ఉంటే చాలు. వీలైతే ఆవిడను దగ్గర్నుంచి ఎరిగిన కుటుంబాల స్త్రీలు చెబితే ఇంకా మేలు. రెబ్బె గురించి చెప్పడానికి 770 ఉంది, పక్కనే గ్రంథాలయ ప్రదర్శన ఉంది. ఈ ఇంట్లో టీ బల్ల గురించి చెబితే సరిపోతుంది.

మన దేశంలో దీనికి దగ్గరి కథ ముంబయి కొలాబాలోని నారిమన్ హౌస్. ఈ రెబ్బె పరంపరలోనే అక్కడికొచ్చి కాపురం పెట్టిన యువ దంపతులు రబ్బీ గావ్రియెల్, రివ్కా హోల్ట్స్‌బర్గ్ 2008 నవంబర్ దాడుల్లో ఆ ఇంట్లోనే హతులయ్యారు. 2014లో చబాద్ హౌస్ మళ్ళీ తెరిచారు. 2018లో ఇజ్రాయెల్ ప్రధాని వచ్చినప్పుడు స్మారకం పని ముందుకొచ్చింది. తూటాల గుర్తులున్న గోడల్ని కొన్నిచోట్ల అలాగే ఉంచారు. మిగతా ఇల్లు మాత్రం మామూలుగా ప్రార్థనలతో, భోజనాలతో నడుస్తోంది. కాపురంలో కొంత చూపించి మిగతాది నడవనివ్వడం ఎలాగో నేర్చుకోవాలంటే బ్రూక్లిన్ దాకా వెళ్ళక్కర్లేదు.

తాల్ముద్‌లోనే, జెరూసలేం ప్రతిలో, పుణ్యపురుషులకు స్మారకాలు కట్టరు, వాళ్ళ మాటలే వాళ్ళ స్మారకం అని ఉంది. ఇళ్ళు తెరవొద్దనేవాళ్ళు ఎక్కువగా ఎత్తి చూపేది ఇదే. నేను దీన్ని అడ్డంకిగా చూడను. కొత్తది కట్టొద్దన్నారు, ఉన్నదాన్ని కూలిపోనివ్వమనలేదు.

ఇక మీరు వెళ్ళొచ్చా అంటే, తప్పకుండా వెళ్ళొచ్చు. అయితే అది టికెట్ కొనుక్కుని రోజూ వెళ్ళే చోటు కాదు. మీ మిత్రుణ్ణే అడగండి, పిలిస్తే వెళ్ళండి. మగవాళ్ళు తల మీద టోపీ పెట్టుకోవాలి, అక్కడ ఇస్తారు కూడా. ఆడవాళ్ళు చేతులు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకుంటే మంచిది. పరాయి స్త్రీపురుషులు చేయి కలపరు, కాబట్టి మీరుగా చేయి చాచకండి, మన నమస్కారం అక్కడ బాగా పనికొస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం తర్వాత వెళ్తే అందరూ షబ్బాత్ హడావుడిలో ఉంటారు, ఆదివారం చూసుకోండి. లోపల ఏదీ తాకకండి, ఫోన్ జేబులోంచి తీసేముందు అడగండి.

పిలుపు రాకపోయినా వెళ్ళినందుకు నష్టం లేదు. క్వీన్స్‌లో ఆయన సమాధి, ఓహెల్ అంటారు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది, ఏ మతంవాళ్ళయినా వెళ్ళొచ్చు. తోలు చెప్పులు విడిచి, లోపల ఎవరో ఉన్నట్టు తలుపు తట్టి వెళ్తారు. కోరిక కాగితం మీద రాసి, చదువుకుని, చింపి అక్కడ వేస్తారు. వచ్చేటప్పుడు వీపు చూపించకుండా వెనక్కి నడుస్తారు. మామగారి పక్కనే ఆయన సమాధి ఉంది. హాయా ముష్కా గారి సమాధి కూడా అదే శ్మశానంలో, దగ్గర్లోనే, స్త్రీల వరుసలో ఉంది. అడిగితే దారి చూపిస్తారు.